మాటల మధ్య ఖాళీ చెవికి అక్కర్లేదు

ఇంగ్లీషులో ‘ఆరెంజ్’కి ప్రాస కుదిరే మాటే లేదంటారు. 2010లో ‘సిక్స్‌టీ మినిట్స్’ అనే అమెరికా టీవీ కార్యక్రమంలో ర్యాపర్ ఎమినెమ్ దీన్ని ఒప్పుకోలేదు. ‘డోర్ హింజ్’ లేదా అన్నాడు. మన ఉచ్చారణలో ఈ జత అతకదు గానీ, చాలామంది అమెరికన్లు ఆరెంజ్‌ని ‘ఓరింజ్’ అన్నట్టే పలుకుతారు. ఇక అడ్డొచ్చేది హకారం ఒక్కటే.

నిఘంటువులో ఒక్కో మాటే వెతికితే ఇలాంటివి చిక్కవు. గబగబా పలికే నోరు రెండు మాటల మధ్య ఆగదు కదా! అందుకే ప్రాసలు వెతికే ప్రోగ్రాములు స్పెల్లింగును వదిలేసి ఉచ్చారణను పట్టుకుంటాయి. వీటిలో చాలావాటికి ఆధారం కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఉచ్చారణ నిఘంటువు. అందులో 1,34,000కు పైగా మాటలు, 39 ధ్వనులు ఉన్నాయి. ప్రతి అచ్చు పక్కనా దాన్ని ఎంత ఊనిక పెట్టి పలకాలో చెప్పే 0, 1, 2 అంకెల్లో ఒకటి ఉంటుంది. కంప్యూటరు మన మాటలను పోల్చుకోవడానికి తయారుచేసిన ఆ సరుకు పాటగాళ్లకు కలిసొచ్చింది.

‘కాఫీ టేబుల్’నే చూడండి. హల్లులు తీసేస్తే ఆ–ఈ–ఏ–అ మిగులుతాయి. ఊనిక ఒకటో అచ్చు మీద, మూడో అచ్చు మీద. ‘సాఫ్ట్‌లీ క్రేడిల్’ది కూడా అదే వరస. చివర ‘బ’ ఉండాల్సిన చోట ‘డ’ ఉన్నా చెవి సర్దుకుపోతుంది. రెండూ గాలిని ఆపి వదిలే సరళాలే మరి. రాక్ పాటల ప్రాసలను పరిశీలించిన భాషావేత్త ఆర్నాల్డ్ జ్విక్కీ, స్వల్ప తేడా ఉన్న హల్లులు ఇలా జతకడతాయని 1976లోనే రాశాడు. మన వర్గయతిలో క, గ కలిసేది పుట్టిన చోటు ఒకటే కాబట్టి. ఇక్కడ చోటు వేరైనా పలికే తీరు కలిస్తే చాలు.

అచ్చుల వరస దొరికాక మరో తంటా. నాలుగు అచ్చులను మాటలుగా 8 రకాలుగా విడగొట్టవచ్చు; ఎనిమిదైతే 128 రకాలు. ఒక్కో ముక్కకూ సరిపోయే మాటలు బోలెడు. అన్నీ కలిపి చూడటం అయ్యేపని కాదు. కాబట్టి ప్రోగ్రాము ఒక్కో మాటే చేర్చుకుంటూ, మెట్టుమెట్టుకూ మేలైన కొన్ని వరసలనే ఉంచుకుని మిగతావి వదిలేస్తుంది.

మేలైనవని ఎలా తేల్చాలి? నన్నడిగితే అసలు చిక్కంతా ఇక్కడే. ‘లా బీ మేపుల్’ కూడా కాఫీ టేబుల్‌కి బాగానే అతుకుతుంది. ‘బ’, ‘ప’ పుట్టేది పెదవుల దగ్గరే. కాకపోతే దానికి అర్థం లేదు. ఏ మాట పక్కన ఏ మాట రావడం సహజమో లెక్కగట్టి ఆ మార్కులనూ కలిపితే తప్ప, ఇలాంటివి జాబితాలో పైకి ఎగబాకుతూనే ఉంటాయి.