కంది మొక్క బెట్టను ఎలా పసిగడుతుంది?

ఆగస్టులో రెండు వారాలు వాన మొహం చాటేస్తే, నారాయణఖేడ్ వైపు మిట్టమధ్యాహ్నం కంది చేలు చూడండి. ఆకులు వాడకముందే ఎండకు అంచు తిప్పి నిలువుగా నిలబడతాయి. ఆకుల మీది సన్నటి రంధ్రాలు కూడా అప్పటికే మూసుకుంటుంటాయి. నేలలో తడి తగ్గిన సంగతిని కణం లోపల పనిగా మార్చేవాటిలో ముఖ్యమైంది కాల్షియం.

కాల్షియం అంటే మనకు ఎముకల బలం. కణానికి మాత్రం దానితో భయమూ ఉంది. లోపలి ఫాస్ఫేట్‌తో కలిస్తే అది కరగకుండా పేరుకుపోతుంది, ఫాస్ఫేట్ లేనిదే కణానికి శక్తి లేదు. అందుకే కణం కాల్షియాన్ని ఎప్పటికప్పుడు బయటికో, లోపలి నీటితిత్తిలోకో తోడేస్తుంటుంది. దాంతో కణద్రవంలో కాల్షియం బయటికంటే దాదాపు పదివేల రెట్లు తక్కువగా ఉంటుంది. అంత నిశ్శబ్దమైన ఇంట్లో చెంచా పడ్డా వినిపిస్తుంది కదా! బెట్ట, చలి, ఉప్పు, పురుగు కాటు, ఏది తగిలినా పొరలోని ద్వారాలు తెరుచుకుని కాల్షియం లోపలికి దూకుతుంది. 1991లో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు జెల్లీఫిష్ ప్రోటీన్ ఒకటి పొగాకు జాతి మొక్కల్లో పెట్టారు. మొక్కను తాకినా, చల్లటి నీళ్లు తగిలినా పరికరానికి మాత్రమే అందే సన్నటి వెలుగు వచ్చింది. కాల్షియం పెరిగిందనడానికి అదే గుర్తు.

మరి చలికీ ఉప్పుకూ తేడా ఎలా తెలుస్తుంది? కాల్షియం ఎంత పెరిగింది, ఎంతసేపు, ఎన్ని విడతలుగా, ఏ కణాల్లో అన్నదాన్నిబట్టి. ఆ తేడాను పట్టే ప్రోటీన్లను తయారుచేసేవే కాల్షియం సంకేత జన్యువులు. వాటిలో సీడీపీకే అనే కుటుంబం మనుషుల్లో లేదు, మలేరియా పరాన్నజీవిలో ఉంది! సీబీఎల్, సీఐపీకే అనేవి జంటగా పనిచేస్తాయి. మొదటిది కాల్షియాన్ని పట్టుకుని రెండోదాన్ని లేపుతుంది. చవుడు నేలలో వేరులోకి చేరిన సోడియాన్ని బయటికి పంపే ఏర్పాటును నడిపేది ఇలాంటి జంటే. ప్రయోగశాలల్లో పెంచే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో మొదటి రకం 10, రెండో రకం 26 ఉన్నాయి.

కందిలో వీటిని వెతకడానికి దారి వేసింది నారాయణఖేడ్ ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ. దాని నాయకత్వంలో ‘ఆశ’ రకం కంది జన్యుపటం 2011లో వెలువడింది. అందులో 48,680 జన్యువులు ఉన్నాయని అంచనా వేశారు.

జన్యువు దొరికిందంటే బెట్టకు విరుగుడు దొరికినట్టే రాసేస్తుంటారు. అంత తేలిక కాదు. రంధ్రాలు మూసుకుంటే నీరు మిగులుతుంది గానీ కార్బన్ డయాక్సైడ్ రాక తగ్గుతుంది, గింజ ఊరదు. రంధ్రాలు మూయించే జన్యువును ఎప్పుడూ మేల్కొలిపి ఉంచితే మొక్క కుండీలో బతికినా చేలో దిగుబడి పడిపోవచ్చు. ఇదంతా విని కాల్షియం బస్తా కొనబోయేవాళ్లకు ఒక మాట: నల్లరేగడిలో కాల్షియానికి మామూలుగా కొదవ ఉండదు. ఇక్కడ లెక్కంతా అది కణం పొర దాటే ఆ కొన్ని క్షణాలది, దాన్ని గుర్తుపట్టే ప్రోటీన్లది.