కొండంత పని – గోరంత ఆరంభం

పరీక్షలు నెలరోజులున్నాయనగా మన వరండాలలో ఒక దృశ్యం ప్రతి యేటా కనబడుతుంది. అంతవరకు ఉల్లాసంగా తిరిగిన విద్యార్థి పుస్తకాల దొంతరను చూచి నిశ్చేష్టుడవుతాడు. ఎక్కడ ప్రారంభించాలో తోచక ఎక్కడా ప్రారంభించడు. హాలుటిక్కెట్టు చేతికి వచ్చిన తరువాత కూడ పరీక్షకు రానివారిని మేమెరుగుదుము. వారిని సోమరులనడం సులభం. కాని న్యాయం కాదు.

మానవుని మనస్సు ఏకకాలంలో నిలుపుకోగల విషయాలు బహు స్వల్పం. 1956లో జార్జి మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ సంఖ్య ఇంచుమించు ఏడని చెప్పారు. తరువాతి పరిశోధకులు దానిని నాలుగుకు తగ్గించారు. చదవని పాఠాలు, చెల్లించని ఫీజు, ఇంటి ఇక్కట్లు అన్నింటినీ ఒక్కమారుగా తలకెత్తుకొంటే బుద్ధి స్తంభించడంలో వింతేమున్నది?

కనుక మొదట ఆ భారాన్ని తలలోనుండి కాగితం మీదికి దించాలి. పూర్తికాని పని మనస్సును వెంటాడుతుందనీ, దానిని ఎప్పుడు, ఎట్లా చేయాలో నిర్దిష్టంగా నిర్ణయించుకొంటే ఆ బాధ ఉపశమిస్తుందనీ 2011లో ప్రచురితమైన ప్రయోగాలు తెలిపాయి.

తరువాత ఒక్క పూటలో ముగియగల పనిని ఎంచుకోవాలి. "అర్థశాస్త్రం చదవాలి" అన్నది పని కాదు, భయం. "డిమాండు రేఖ గీసి, సూత్రానికి గల మినహాయింపులు వ్రాయాలి" అన్నది పని. అది ముగిసినప్పుడు కలిగే ధైర్యమే రెండవ పనికి పెట్టుబడి.

మహాకార్యాలు సైతం ఇట్లే సాగాయి. ఆక్స్‌ఫర్డు ఆంగ్ల నిఘంటువును పదేండ్లలో ముగించాలని 1879లో జేమ్స్ మర్రే పూనుకొన్నారు. అయిదేండ్లకు, 1884లో వెలువడిన తొలి భాగం 'ఆంట్' అనే మాట వరకే వచ్చింది. ఆంట్ అనగా చీమ! ఆయన నిరాశపడలేదు, చీటీ వెంట చీటీ పరిష్కరిస్తూ 1915లో కన్నుమూశారు. సహచరులు 1928లో గ్రంథాన్ని పూర్తిచేశారు.

ముక్కలుగా చేసినంత మాత్రాన పని తరిగిపోదు, ఆలస్యంగా మేల్కొన్నవారు కొన్నింటిని వదులుకోక తప్పదు. ఇది మేము దాచదలచలేదు. అయినను కొంత వదలి వ్రాసిన పరీక్షకు, అసలు వ్రాయని పరీక్షకు ఎంతో అంతరమున్నది.

"కత్రా కత్రా దరియా బన్‌తా హై" అని మన ఉర్దూ సోదరులంటారు. బొట్టు బొట్టే నది అవుతుంది. విద్యార్థులారా! ఈ రాత్రికి ఒక్క బొట్టు చాలు. ఆ ఒక్కటి కూడ తోచనప్పుడు మా గది తలుపు తట్టడమే మీ మొదటి పని కానీయండి.