కవల విశేషణములు

పెద్ద మనిషి, గొప్ప మనిషి, పొడుగు మనిషి అని మూడు మాటలు విన్నచో మనకు ముగ్గురు వేరువేరు మనుష్యులు కనబడుదురు. పెద్ద మనిషి తగవు తీర్చును. గొప్ప మనిషి పేరు నలుగురి నోట నిలుచును. పొడుగు మనిషి గుమ్మము దాటునపుడు తల వంచును. ఈ భేదమును మనకెవ్వరును పాఠముగా చెప్పలేదు. ఉగ్గుపాలతో వచ్చిన భాషలో ఇట్టి సూక్ష్మములు తమంత తామే అబ్బును. చదివి నేర్చిన భాషలో అట్లు కాదు. ఇంగ్లీషు విశేషణముల దగ్గర మనము తడబడుట ఇందువలననే. రూపము ఇంచుమించు ఒకటియై, పని వేరైన జంటలు ఆ భాషలో అనేకములు కలవు. వానిలో కొన్నింటిని మన ఓరుగల్లు చుట్టుపట్ల కనబడు వస్తువులతోనే పోల్చి చూతము.

2021 జూలై 25వ తేదీన పాలంపేటలోని రామప్ప దేవాలయము యునెస్కో వారి ప్రపంచ వారసత్వ సంపదల పట్టికలో చేరినది. ఇట్టి వార్తలను తెనిగించునపుడు హిస్టారిక్, హిస్టారికల్ అను రెండు మాటలు ఎదురగును. మొదటిది చరిత్రలో నిలిచిపోదగిన ప్రాముఖ్యమును చెప్పును. రెండవది చరిత్రకు సంబంధించినది అని మాత్రమే చెప్పును. ప్రాముఖ్యముతో దానికి పని లేదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ ఆలయము హిస్టారిక్. దానిని పట్టికలో చేర్చిన నిర్ణయమును హిస్టారిక్. కాకతీయుల కాలమును చిత్రించిన అడివి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’ హిస్టారికల్ నవల. ఆనాటి కోమటి పద్దుల చిట్టా ఒకటి నేడు దొరికినచో, అది హిస్టారికల్ ఆధారమే యగును గాని, అంతమాత్రమున హిస్టారిక్ కాదు.

తెలుగులోను మనకు ఈ జంట ఉన్నది. మొదటిది చరిత్రాత్మకము, రెండవది చారిత్రకము. ఈ రెండింటిని కలిపి ‘చారిత్రాత్మకము’ అను మూడవ మాటను పలుకుట పరిపాటి యైనది. ఒక పర్యాయము నేనును మైకు ముందు ఆ మాటనే పలికితిని. నాలుగు దినములలో ఒక వృద్ధ శ్రోత వద్దనుండి కార్డు వచ్చినది. “అయ్యా, తమరు పుట్టించిన బిడ్డకు తల్లి ఎవరు, తండ్రి ఎవరు?” అని అందులో ఒకే వాక్యము. అప్పటినుండి ఆ మాట నా నోట రాలేదు.

ఇంగ్లీషున ఈ జంటలు ఎట్లు పుట్టినవి? ఆ భాష ఫ్రెంచి, లాటిన్, గ్రీకు భాషలనుండి మాటలను తెచ్చుకొని, ఒకే మూలమునకు ‘ఇక్’ అనియు, ‘ఇకల్’ అనియు రెండు తోకలు తగిలించినది. చాలకాలము రెండు రూపములును ఒకే అర్థమున నడచినవి. కాని ఇంటిలో ఇద్దరు పనివారుండగా ఇద్దరికిని ఒకే పని చెప్పుట భాషకు గిట్టదు. క్రమముగా పనులు పంచిపెట్టును. అన్ని జంటలకును ఈ పంపకము జరుగలేదు. జామెట్రిక్ అనినను, జామెట్రికల్ అనినను నేటికిని అర్థమొకటే. కనుక సూత్రమును వల్లించి లాభము లేదు. జంటను జంటగానే తెలిసికొనవలెను.

ఎకనామిక్, ఎకనామికల్ అను జంటలో మాత్రము పంపకము స్పష్టముగా జరిగినది. దేశపు ధనవ్యవహారమునకు చెందినది ఎకనామిక్. తక్కువ ఖర్చుతో పని జరిపించునది ఎకనామికల్. తెలుగున ఒకటి ఆర్థికము, రెండవది పొదుపు. ఇట్టి చోట నేను వాడు పరీక్ష ఒకటి కలదు. మాటకు పొరుగువా డెవడు, పగవా డెవడు అని అడుగవలెను. ఎకనామిక్ అను మాటకు పొరుగున రాజకీయము, సాంఘికము అనునవి నిలుచును. ఎకనామికల్ అను మాటకు ఎదురుగా దుబారా నిలుచును. పొరుగు, పగ తెలిసినచో మాట తెలిసినట్లే.

కంటిన్యువస్, కంటిన్యువల్ అను జంట ఇంకను సూక్ష్మమైనది. రాత్రియంతయు చినుకు తెగక కురిసిన ముసురు కంటిన్యువస్. ఆగి ఆగి, మరల మరల కురిసినది కంటిన్యువల్. మనము రెండింటిని ‘నిరంతరము’ అని తెనిగించి ఊరకుందుము. జ్వరము విడువక కాయుచున్నదా, వచ్చి పోవుచున్నదా అని వైద్యుడు అడుగునపుడు ఆ భేదము ఎంతటిదో తెలియును. రోగి చెప్పు ఆ ఒక్క మాటనుబట్టి వైద్యుని ఆలోచన ఒక దారినుండి మరియొక దారికి మళ్లవచ్చును.

ఇక కొన్ని మాటలు ప్రాణముతో ముడివడినవి. ఇంగ్లీషున ‘ఇన్’ అను ఉపసర్గ సాధారణముగా లేమిని తెలుపును. కరెక్ట్ కానిది ఇన్‌కరెక్ట్. ఈ లెక్కన ఇన్‌ఫ్లేమబుల్ అనగా మండనిది అని తోచుట సహజము. కాని అది పొరపాటు. ఆ మాట మంటపెట్టుట అను అర్థముగల లాటిన్ క్రియనుండి వచ్చినది. అందలి ‘ఇన్’ లేమిని చెప్పదు. ఫ్లేమబుల్ అనినను, ఇన్‌ఫ్లేమబుల్ అనినను భగ్గున మండునదే. మండనిది నాన్‌ఫ్లేమబుల్. ఈ భ్రమవలన అపాయము కలుగునని తలచి, అమెరికాలోని అగ్ని నివారణ సంఘమువారు 1920 ప్రాంతములనుండియే ఫ్లేమబుల్ అను మాటను వాడుడని ప్రోత్సహించిరి. కాజీపేట మీదుగా పోవు పెట్రోలు ట్యాంకుమీద గాని, పత్తి బేళ్ల సమీపమున ఉంచిన డబ్బామీద గాని ఇన్‌ఫ్లేమబుల్ అని కనబడినచో బీడీ ముట్టించు చేయి ఆగవలెను.

మనకును ఇట్టి మాట లేకపోలేదు. అమూల్యము అనగా వెలలేనిది, అనగా పనికిరానిదా? కాదు, వెల కట్టరానంత గొప్పది. ఇంగ్లీషున ఇన్‌వాల్యుబుల్ అనునది సరిగా ఇదే. పనికిరానిది వాల్యూలెస్.

కడపటి మాట రైతు సోదరులకు సంబంధించినది. మొన్న పరకాల వైపునుండి వచ్చిన ఒక పత్తి రైతు, “సార్, ఆకుపచ్చ గుర్తున్న మందు విషం కాదు గద?” అని నన్నడిగెను. 1968 నాటి కీటకనాశినుల చట్టము క్రింద 1971లో చేసిన నిబంధనలను అనుసరించి ప్రతి డబ్బామీదను ఒక చతురస్రపు గుర్తు ఉండును. దాని క్రింది సగమున రంగు, పై సగమున హెచ్చరిక. ఎరుపు అనగా ఎక్స్‌ట్రీమ్లీ టాక్సిక్, పసుపు అనగా హైలీ టాక్సిక్, నీలము అనగా మోడరేట్లీ టాక్సిక్, ఆకుపచ్చ అనగా స్లైట్లీ టాక్సిక్. నాలుగింటను టాక్సిక్ అను విశేషణము మారలేదు. దాని ముందరి మాట మాత్రమే మారినది. నాలుగును విషములే. ఎక్స్‌ట్రీమ్లీ, హైలీ అను రెండును మనకు ‘మిక్కిలి’ వలెనే వినబడును. కాని మెట్టుకు మెట్టుకు మధ్య విషపు ప్రమాణమున సుమారు పదింతల భేదము కలదు. ఆకుపచ్చ గుర్తుపై ఉండు కాషన్ అను మాటకు అర్థము ‘జాగ్రత్త’ యని గాని, ‘భయము లేదు’ అని కాదు.

2017లో మహారాష్ట్రమున యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టుచు విషము సోకి పలువురు మరణించిరి. ఆ దుర్ఘటనకు కారణములు అనేకములు. అన్నిటిని ఒక మాటపై మోపరాదు. అయినను డబ్బామీది మాటను సరిగా చదువగలుగుట రైతు చేతనున్న మొదటి రక్షణ. నాతో మాటలాడిన ఆ రైతు తన కుమార్తె కళాశాలలో చదువుచున్నదని చెప్పెను. మందు విప్పుటకు ముందు డబ్బామీది మాటలను ఆమెచేత చదివించుకొనుమని, ముక్కునకు గుడ్డ, చేతులకు తొడుగులు మరువవలదని చెప్పి పంపితిని.

విశేషణము వాక్యమునకు అలంకారమని బడిలో చదివితిమి. కాని డబ్బామీద అది కావలివాడు. కావలివాని మాట వినకుండ గడప దాటరాదు.