పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మా ఇంట్లో పెళ్ళిళ్ళ సంగతి మా ఆవిడ చూసుకుంది గాని, ఇళ్ళ సంగతి ముప్పయ్యేళ్ళుగా నేను చూస్తున్నాను. హోసూరులో పుట్టి, ఈ చుట్టుపక్కలే పునాదులు తీయిస్తూ తల నెరిసినవాణ్ణి. అయినా 2016లో మా చెల్లెలి ఇంటి దగ్గరే పప్పులో కాలేశాను. ఆ సంగతి చెబితే ఇల్లు కట్టుకోబోయే మనవాళ్ళలో ఒకరికైనా పనికొస్తుందని ఈ నాలుగు ముక్కలు.

మట్టి తవ్వే యంత్రాన్ని ఇక్కడ కన్నడంవాళ్ళు హిటాచీ అంటారు, తమిళంవాళ్ళు పొక్లెయిన్ అంటారు, మనం ప్రొక్లెయినర్ అంటాం. మొదటిది జపాను కంపెనీ పేరు. మిగతా రెండూ ఒక ఫ్రాన్సు కంపెనీ పేరు నుంచి వచ్చినవే. పేరేదైనా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఎన్ని టన్నులది?

మా చెల్లెలిది 30 అడుగులు, 40 అడుగుల స్థలం. కార్లకోసం 10 అడుగుల లోతు తవ్వాలి. ముందున్న సందు 15 అడుగులు. "బావా, పెద్ద బండి తెప్పిస్తే ఒక్కరోజులో అయిపోదూ?" అన్నాడు మా బావ. నేనూ సరేనన్నాను. 20 టన్నుల యంత్రాన్ని మాట్లాడాను.

పక్కింటి అవ్వ వచ్చి, "ఏమప్పా, నా గోడకేం కాదు కదా?" అంది. ఆమె వసారా గోడ మట్టితో కట్టిన పాతది. "ఏం కాదవ్వా, నేనున్నాను కదా" అన్నాను.

యంత్రం సందు మొదట్లోనే ట్రెయిలరు దిగి, మోరీ మీది బండలు విరగ్గొట్టుకుంటూ వచ్చింది. దాని వెడల్పే 9 అడుగులకు పైన. తిరిగేటప్పుడు వెనకభాగం ఇంచుమించు మరో అంత చోటు అడుగుతుంది. ఇక చేసేదిలేక అవ్వ గోడవైపు నిలబెట్టి తవ్వించాను. రాత్రి వాన పడింది. తెల్లవారుజామున ఆ గోడ పది అడుగుల మేర గోతిలోకి జారింది. గోడకు ఆనుకునే అవ్వ మంచం. ఆ రాత్రి ఆమె కూతురింటికి వెళ్ళింది కాబట్టి బతికిపోయాం.

గోడ నా ఖర్చుతోనే కట్టించాను. అవ్వ తిట్టలేదు. "నువ్వున్నానన్నావు కదప్పా" అంది, అంతే.

తర్వాత కాగితం తీసుకుని లెక్క వేశాను. ఆ పని ముందే చేయవలసింది. 30, 40, 10 హెచ్చిస్తే 12,000 ఘనపుటడుగులు. మా వైపు 100 ఘనపుటడుగులు ఒక యూనిట్, అంటే 120 యూనిట్లు. తవ్విన మట్టి పొంగుతుంది. పాతిక శాతం కలిపితే 150. సందులోకి వచ్చేది 2 యూనిట్ల చిన్న టిప్పరే, కాబట్టి 75 ట్రిప్పులు. మట్టి పోసి రావడానికి పట్టే వ్యవధి చూస్తే, పావుగంటకొక టిప్పరు వస్తే గొప్ప. అంటే ఎంత పెద్ద యంత్రం తెచ్చినా పని 19 గంటలకు తగ్గదు.

20 టన్నుల యంత్రం బకెట్టులో సుమారు 30 ఘనపుటడుగులు పడుతుంది. ఏడు బకెట్లతో రెండు మూడు నిమిషాల్లో టిప్పరు నింపి, మిగతా పన్నెండు నిమిషాలూ ఊరికే నిలబడుతుంది, గంట అద్దె మాత్రం నడుస్తూనే ఉంటుంది. 7 టన్నులదానికి బకెట్టులో 10 ఘనపుటడుగులే. ఇరవై బకెట్లు, ఏడెనిమిది నిమిషాలు. తర్వాతి టిప్పరు వచ్చేలోగా అది కూడా సిద్ధమే. 13 అడుగుల దాకా లోతు తవ్వగలదు, వెడల్పు ఏడున్నర అడుగులకు మించదు. మాకు అదే చాలేది. మిగిలిన తవ్వకం దానితోనే ముగించాం.

పెద్ద యంత్రం చెడ్డదని కాదు. విశాలమైన స్థలం, పెద్ద టిప్పర్లు వరసగా వచ్చే రోడ్డు ఉంటే 20 టన్నులదే చవక. మెట్ట చదునుకూ, కొద్దిపాటి తవ్వకానికీ టైర్ల మీద నడిచే జేసీబీ చాలు. అయితే దాని వెనక చెయ్యి ప్రొక్లెయినర్‌లా చుట్టూ తిరగదు, అర్ధచంద్రాకారంగానే తిరుగుతుంది.

యంత్రం మాట్లాడకముందు రెండు మూడు చోట్ల మనుషులతో గుంట తీయించి చూడండి. మా ప్రాంతంలో మొరం కింద నల్లరాయి ఎక్కడ తగులుతుందో చెప్పలేం. రాయి విస్తారంగా ఉంటే పెద్ద యంత్రానికి బ్రేకరు బిగించాలి. ఆ అదురు పాత గోడలకు మంచిది కాదు. అలాంటిచోట రంధ్రాలు వేసి, ఉబ్బే రసాయనపు పొడి నింపి పగలగొట్టే పద్ధతి ఉంది. సందు వెడల్పు, మలుపు, పైనున్న కరెంటు తీగలు, కింది నీళ్ళ గొట్టాలు కూడా చూసుకోండి. పక్క గోడ దగ్గర కనీసం మూడు అడుగులు వదిలి, ఆ భాగాన్ని ఒకటి విడిచి ఒకటి ముక్కలుగా, చేత్తో తవ్వించి వెంటనే కట్టించండి. వానాకాలమైతే మరీ జాగ్రత్త. గోతి అంచున యంత్రాన్ని గాని, మట్టికుప్పను గాని ఉంచనివ్వకండి.

ఇప్పటికీ ఎవరైనా పునాదికి పిలిస్తే టేపు పట్టుకునే వెళతాను. కాని స్థలం కొలవకముందే పక్కింటి తలుపు తట్టి, వాళ్ళ గోడ చూపించమంటాను.