దీర్ఘకాలిక వ్యాధులలో రక్తహీనత: ఐరన్ మాత్రలతోనే తీరని లోపం

రక్తహీనత అనగానే పోషకాహార లోపం, ఐరన్ మాత్రలు గుర్తుకు రావడం సహజం. గర్భిణులు, కిశోర బాలికల విషయంలో ఈ అవగాహన చాలావరకు సరైనదే. అయితే మూత్రపిండాల వ్యాధి, కీళ్లవాతం, క్షయ, క్యాన్సర్ వంటి దీర్ఘకాలిక వ్యాధులతో జీవిస్తున్నవారిలో రక్తహీనతకు కారణాలు వేరు. అందువలన చికిత్స కూడా వేరుగా ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం డెసీలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ పురుషులలో 13 గ్రాములు, గర్భవతులు కాని స్త్రీలలో 12 గ్రాములకన్న తక్కువగా ఉంటే దానిని రక్తహీనతగా పరిగణిస్తారు.

కారణాలు

ఎర్ర రక్తకణాలు ఎముక మజ్జలో తయారై సుమారు 120 రోజులు జీవిస్తాయి. వాటి తయారీకి ఇనుము ముడిసరుకు కాగా, తయారు చేయవలసిందిగా మజ్జకు సంకేతమిచ్చేది ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను. ఇది ప్రధానంగా మూత్రపిండాలలో ఉత్పత్తి అవుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నకొద్దీ ఈ సంకేతం బలహీనపడుతుంది.

రెండవ కారణం హెప్సిడిన్. శరీరంలో ఇన్ఫెక్షన్ లేదా వాపు దీర్ఘకాలం కొనసాగినపుడు కాలేయం ఈ హార్మోనును అధికంగా విడుదల చేస్తుంది. ఇది ఆహారంలోని ఇనుమును ప్రేగుల నుండి రక్తంలోకి చేరనీయదు; నిల్వ ఉన్న ఇనుమును వెలికి రానీయదు. గాదె నిండా ధాన్యముండి తలుపుకు తాళం పడిన చందాన ఇనుము ఉండి కూడా అక్కరకు రాదు.

ఉద్దానంలో ప్రాధాన్యం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు తదితర మండలాలను మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తున్నది. మధుమేహం లేని వ్యవసాయ కూలీలు సైతం ఈ వ్యాధికి గురవుతున్నారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైనవి.

ఈ వ్యాధి తొలిదశలో లక్షణాలు దాదాపుగా కనిపించవు. తరువాత వచ్చే నీరసం, ఆయాసాలను తోటపని వలన కలిగిన అలసటగా భావించి ఉపేక్షించడం జరుగుతుంది. కారణం తెలియని రక్తహీనత కనిపించినపుడు ఐరన్ మాత్రలిచ్చి సరిపెట్టక, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష చేయించడం అవసరం.

పరీక్షలు, చికిత్స

ఇనుము నిల్వలను తెలిపే ఫెరిటిన్, వాపు ఉన్నపుడు ఎక్కువగా కనిపించి లోపాన్ని మరుగుపరచవచ్చు. కావున దానితోపాటు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్‌ను కూడా పరిశీలిస్తారు. డయాలసిస్ రోగులకు అవసరాన్నిబట్టి ఇనుమును రక్తనాళం ద్వారా ఎక్కిస్తారు. ఎరిత్రోపోయిటిన్ ఇంజక్షన్లు ఇస్తారు. హిమోగ్లోబిన్‌ను ఈ ఇంజక్షన్లతో 13 గ్రాములు దాటించడం ఉద్దేశం కాదు. అట్లు చేసినచో పక్షవాతం ముప్పు పెరుగుతుందని పరిశోధనలలో వెల్లడైనది.

రక్తమార్పిడి తక్షణ ఉపశమనమిచ్చినప్పటికీ, పరుల కణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఏర్పడి భవిష్యత్తులో సరిపడే మూత్రపిండం దొరకడం కష్టం కావచ్చు. అందువలన మార్పిడికి అర్హులైన వారికి వీలైనంతవరకు రక్తం ఎక్కించకుండా చూస్తారు.

ఆహారంలో జాగ్రత్త

రక్తం పట్టడానికి దానిమ్మ రసం, ఖర్జూరం, ఆకుకూరలు విరివిగా తీసుకోవాలన్న సలహా అందరికీ వర్తించదు. వీటిలో పొటాషియం అధికం. మూత్రపిండాలు దానిని విసర్జించలేని స్థితిలో గుండె లయ తప్పి ప్రాణాపాయం కలుగవచ్చు. వైద్యుని సలహా మేరకే ఆహారాన్ని నిర్ణయించుకోవాలి.

క్షేత్రస్థాయి సిబ్బంది హిమోగ్లోబిన్ అంకెతోపాటు రోగికి గల ఇతర వ్యాధులను కూడా నమోదు చేయడం, పాత్రికేయులు ఆహార సూచనలను ప్రచురించేటపుడు కిడ్నీ రోగులకు ఈ హెచ్చరికను జోడించడం ఎంతైనా ప్రయోజనకరం.