కుక్క నొప్పికి మన మందు తగదు

గడచిన సంవత్సరము మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు రెండు దినములు బడికి రాలేదు. మూడవనాడు వచ్చి, "అయ్యవారూ, మా కుక్క చచ్చిపోయె" అని కంట తడిపెట్టెను. దాని కాలికి మోటారు సైకిలు తగిలినదట. అది మూల్గుచుండగా చూడలేక ఆ బాలుని తండ్రి, తాను మోకాళ్ళ నొప్పికి వాడుకొను ఐబుప్రోఫెన్ మాత్రను అన్నములో కలిపి పూటకొకటి చొప్పున పెట్టెను. మరునాడు కుక్క వాంతి చేసికొనెను. తరువాత మలము తారువలె నల్లనయ్యెను. పశువైద్యశాలకు కొనిపోవునప్పటికే కాలము మించిపోయినది. "బండి తగిలి కాదు సార్, నేను పెట్టిన మాత్రకే చచ్చె" అని ఆ తండ్రి మాతో చెప్పి, మరియొక యింట ఇట్లు జరుగకుండ మన పత్రికలో వ్రాయుడని కోరెను. ఈ వ్యాసమునకు కారణమదియే.

మనకు మేలు చేయు మాత్ర కుక్కకు కీడేల చేయును? దెబ్బ తగిలినచోట శరీరము ప్రోస్టాగ్లాండినులను పదార్థములను పుట్టించును. వాపు, నొప్పి హెచ్చుటకు ఇవి కారణములు. ఐబుప్రోఫెన్ వంటి మందులు వీని ఉత్పత్తిని అరికట్టును. కాని కడుపు లోపలి పొరను ఆమ్లమునుండి కాపాడునవియు, మూత్రపిండములకు రక్తము చక్కగా అందజేయునవియు ఈ పదార్థములే. కుక్క శరీరమునుండి ఐబుప్రోఫెన్ త్వరగా వెడలిపోదు. అందువలన కడుపున పుండ్లు పడి రక్తము కారును. ఆ రక్తమే జీర్ణమై మలమును నల్లబరచును. మూత్రపిండములును చెడును. పారాసిటమాల్ సంగతియు నిట్టిదే. మోతాదు మించినచో అది కుక్క కాలేయమును చెరచును. పిల్లికైతే ఒక్క మాత్రయే ప్రాణము తీయవచ్చును.

అట్లని కుక్కకు నొప్పి మందులు లేకపోలేదు. మెలాక్సికామ్, కార్ప్రోఫెన్ మున్నగువానిని పశువైద్యులు ఇచ్చుచున్నారు. వైద్యుడు ముందుగా కుక్క బరువు తూచి, కాలేయము, మూత్రపిండములు బాగుగా నున్నవా యని విచారించును. మెలాక్సికామ్ మనుష్యులకును కలదు గదా, అదే పెట్టవచ్చునా యని అడుగవచ్చును. లెక్క చూడుడు. 10 కిలోల కుక్కకు సాధారణముగా మొదటి దినము 2 మిల్లీగ్రాములు, పిమ్మట దినమునకు 1 మిల్లీగ్రాము చాలును. మనుష్యుల మాత్రలో 15 మిల్లీగ్రాములు ఉండవచ్చును. అట్టి మాత్ర ఒక్కటి పెట్టినచో పదునైదు దినముల మందు ఒక్క గ్రుక్కలో పోసినట్లే.

ఇక మత్తు సంగతి. నొప్పి మందు, మగత మందు, మత్తు మందు వేరువేరు పనులు చేయునవి. కుక్క కదలక పడియున్నంత మాత్రమున దానికి నొప్పి లేదని తలంపరాదు. అసిప్రోమజీన్ అను మగత మందు కుక్కను నెమ్మదిపరచును గాని నొప్పిని తీర్చదు. జైలజీన్ మగతతోపాటు కొంత నొప్పిని తగ్గించును. అయితే గుండె వేగమును తగ్గించును, వాంతి కలిగించును. శస్త్రచికిత్సకు సంపూర్ణమైన మత్తు కావలయును. కీటమైన్ ఒక్కటే ఇచ్చినచో కండరములు బిగిసికొనును గనుక దానిని మరియొక మందుతో కలిపి వాడుదురు. పాలవలె తెల్లనగు ప్రోపోఫోల్ నరములోనికి ఎక్కించిన కొలది క్షణములలోనే స్మృతి తప్పును. తొందరపడి ఎక్కించినచో ఊపిరియు ఆగును. పెద్ద వైద్యశాలలలో గొంతులోనికి గొట్టము అమర్చి, ప్రాణవాయువుతో కలిపి ఐసోఫ్లూరేన్ అను ఆవిరిని పీల్పించుదురు. మత్తులోనున్నంతసేపు ఒకరు ఊపిరిని, గుండెను, చిగుళ్ళ రంగును కనిపెట్టుచుండవలయును.

ఇట్లు కనిపెట్టుచుండవలయునను విషయమున హైదరాబాదునకును, కుక్కలకును ఒక సంబంధము కలదు. 1847లో ఎడింబరోలో సింప్సన్ వాడుకలోనికి తెచ్చిన క్లోరోఫారమువలన కొందరు రోగులు హఠాత్తుగా మరణించుచుండిరి. మొదట ఆగునది గుండెయా, ఊపిరియా యను వివాదము పుట్టెను. దీనిని తేల్చుటకై హైదరాబాదులో ఎడ్వర్డు లారీ అను వైద్యుని పూనికతో 1888లోను, 1889లోను రెండు పరిశోధక సంఘములు ఏర్పడెను. నిజాము ధనసహాయము చేసెను. రెండవ సంఘమునకు ఇంగ్లండునుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. వందలకొలది జంతువులపై పరీక్షలు జరిగెను. వానిలో అధికములు కుక్కలే. ఊపిరియే ముందు ఆగునని, దానిని గమనించుచుండినచో అపాయము లేదని సంఘము తీర్మానించెను. కాని తేలికపాటి మత్తులో గుండె హఠాత్తుగా ఆగిపోవుట కలదని 1911లో లెవీ నిరూపించెను. కావున నేడు ఊపిరిని, గుండెను రెండింటిని కనిపెట్టుచున్నారు. నేటి మత్తు వైద్యమునకు వెనుక ఆ మూగజీవుల ప్రాణములును ఉన్నవని మనము మరువరాదు.

కుక్కకు సంతాన నిరోధ చికిత్సయో మరియొక చికిత్సయో చేయింపవలసినప్పుడు ఇంటివారు చేయవలసిన పనులు కొన్ని కలవు. వైద్యుడు చెప్పినన్ని గంటలు ఆహారము పెట్టరాదు. జాలిపడి పిల్లలు రహస్యముగా బిస్కత్తు పెట్టుట కూడదు. మత్తులో మ్రింగు శక్తి, దగ్గు శక్తి నశించుటచే వాంతియైనచో అది ఊపిరితిత్తులలోనికి పోవును. చిన్న పిల్లలకు గడువు తక్కువ గనుక వాని వయస్సు తప్పక చెప్పవలయును. అంతకుముందు ఇచ్చిన మందులన్నిటిని దాచక చెప్పవలయును. స్టెరాయిడు మందుతో నొప్పి మందు కలిసినచో కడుపున పుండ్లు పడు అపాయము హెచ్చును. ఇంటికి తెచ్చిన పిమ్మట వెచ్చని చోట, మెట్లకు దూరముగా పరుండబెట్టి, పూర్తిగా తెలివి వచ్చువరకు అన్నము పెట్టరాదు. చిగుళ్ళు తెల్లబడినను, నీలివర్ణమైనను, ఊపిరి భారమైనను తక్షణమే వైద్యునికి చూపవలయును.

కుక్క తన నొప్పిని మాటలతో చెప్పలేదు. మెట్లెక్కుటకు జంకుట, మూలకు పోయి దాగుట, ఒకే చోటును నాకుచుండుట, ఆహారము మానుట, తాకబోయినచో కరవ వచ్చుట అను చిహ్నములను మనమే గుర్తింపవలయును.

మా హోసూరు ప్రాంతమున ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, మందు అట్టపై ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ మందు పేరు తారుమారైనచో ప్రాణమునకే ముప్పు. విద్యార్థులారా! "కాల్‌నడై మరుత్తువమనై" అని తమిళములో వ్రాసియున్నది మన పశువైద్యశాలయే. చదువుకొన్న మీరు పెద్దలతో కూడ అచటికి పొండు. కుక్క తిన్న మాత్ర అట్టను వెంట కొనిపొండు. ఎప్పుడు, ఎన్ని మాత్రలు పెట్టినది కాగితముపై వ్రాసి వైద్యునికి చూపుడు. ఆ తండ్రికి తన కుక్కపై ప్రేమ కొరతపడలేదు. మాత్ర చేతికి తీసికొనకముందు ఒక్కమాట అడుగదగినవారు ఆనాడు ఆ యింట లేకపోయిరి. మీ యింట ఆ మాట అడుగువారు మీరే కావలయును.