కుప్రోనికెల్ ఫ్లాంజిలు: ధరకు ముందు చోటు చూడాలి

(మా వాణిజ్య విలేఖరి)

కరీంనగర్: రామగుండం, మంచిర్యాల, కాగజ్‌నగర్ ఫ్యాక్టరీలకు పైపు సామాను సరఫరా చేసే వర్తకులకు కుప్రోనికెల్ ఫ్లాంజి నిత్యం అమ్ముడుపోయే సరుకు కాదు. ఎప్పుడో ఒక ఎంక్వైరీ వస్తుంది. అది రాగానే "నికెల్ ఎంత పలుకుతోంది?" అని బొంబాయికి ఫోను చేయడం పరిపాటి. కాని ఈ సరుకులో మొదట అడగవలసింది ధర కాదు, "ఏ లైనులో బిగిస్తారు?" అన్న ప్రశ్న. అది అడగకుండా ఆర్డరు పట్టిన వర్తకుని సరుకు గేటు దగ్గర నుంచే తిరిగి రావచ్చు. బిగించాక పాడైతే నష్టం అంతకంటే పెద్దది.

కుప్రోనికెల్ అసలు చోటు సముద్రపు నీరు. విశాఖపట్నం, కాకినాడల్లో ఓడలకు, ఉప్పునీటితో చల్లబరిచే యంత్రాలకు దీనికి సాటి లోహాలు తక్కువ. గోదావరిది మంచినీరు. మామూలు నీటి లైనుకు మైల్డ్ స్టీలు, రబ్బరు లైనింగు, అవసరమైన చోట స్టెయిన్‌లెస్ స్టీలు చాలు. మన వైపు కుప్రోనికెల్ అడిగేది ముఖ్యంగా విద్యుత్ కేంద్రాల ఆయిల్ కూలర్లు, హీట్ ఎక్స్ఛేంజర్ల వంటి చోట్ల, పాత గొట్టాలు ఆ లోహంతోనే ఉన్నప్పుడు.

రాగికి ఇద్దరు శత్రువులు

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పెద్ద కొనుగోలుదార్లలో ఇద్దరి దగ్గర రాగికి సరిపడని పదార్థాలే ఉన్నాయి. ఒకటి అమ్మోనియా. రామగుండంలో 1980లో ఉత్పత్తి ప్రారంభించిన ఎఫ్.సి.ఐ. బొగ్గు ఆధారిత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. అక్కడే గ్యాస్ ఆధారంగా ఆర్.ఎఫ్.సి.ఎల్. 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా. తేమ, గాలి కలిసిన అమ్మోనియా రాగిని కరిగిస్తుంది. ఇత్తడినైతే పగుళ్లు పుట్టించి విరిచేస్తుంది. కుప్రోనికెల్ ఇత్తడి కంటే బాగా ఓర్చుకుంటుంది గాని, అంతమాత్రాన అమ్మోనియా లైనులో వాడదగినది కాదు. అక్కడ ఉక్కే తగిన లోహం.

రెండవ శత్రువు సల్ఫైడ్. 1942లో ఉత్పత్తి ప్రారంభించిన కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగి, 2018లో జె.కె. పేపర్ యాజమాన్యంలో తిరిగి తెరుచుకుంది. గుజ్జు ఉడికించే ద్రావకంలో కాస్టిక్ సోడాతో పాటు సోడియం సల్ఫైడ్ కూడా ఉంటుంది. అది రాగిని నల్లబరచి తినేస్తుంది. కుళ్లు వాసన వేసే మురికినీటికీ ఇదే మాట వర్తిస్తుంది. కాబట్టి ఎరువుల కర్మాగారం నుంచో, పేపరు మిల్లు నుంచో కుప్రోనికెల్ ఎంక్వైరీ వస్తే, లైనులో పారేదేమిటో రాతపూర్వకంగా తెప్పించుకోవడం ఉత్తమం.

మూడు రకాలు, మూడు లెక్కలు

బజారులో వినిపించే రకాలు మూడు. 90/10లో రాగి దాదాపు 90, నికెల్ 10 పాళ్లు, కొద్దిగా ఇనుము, మాంగనీసు ఉంటాయి. 70/30లో నికెల్ 30 పాళ్లు. ఇది నీటి వేగాన్ని, ఒరిపిడిని ఎక్కువ తట్టుకుంటుంది. మూడవది మోనెల్. ఇందులో నికెల్‌దే పైచేయి, సుమారు మూడింట రెండు వంతులు.

నికెల్ ధర కదలిక ఈ మూడింటినీ ఒకే తీరున తాకదు. లెక్క కోసం రాగి కిలో రూ. 900, నికెల్ రూ. 1,500 అనుకుందాం. లోహం విలువ 90/10కి రూ. 960, 70/30కి రూ. 1,080, మోనెల్‌కు దాదాపు రూ. 1,285 అవుతుంది. నికెల్ రూ. 300 పెరిగితే 90/10పై పడే భారం రూ. 30 మాత్రమే. 70/30పై రూ. 90, మోనెల్‌పై రూ. 200 పడుతుంది. 2022 మార్చి 8న లండన్‌లో నికెల్ టన్ను లక్ష డాలర్లు దాటగా, ఎక్స్ఛేంజి బేరాలు నిలిపి ఆనాటి లావాదేవీలనే రద్దు చేసింది. అటువంటి రోజున మోనెల్ కొటేషన్ గడువు లేకుండా ఇచ్చినవాని స్థితి ఊహించవచ్చు. కొటేషన్‌పై తేదీ, గడువు తప్పనిసరి.

తూకంలోనూ మెలకువ అవసరం. కుప్రోనికెల్ ఉక్కు కంటే సుమారు 13 శాతం బరువు. ఉక్కు ఫ్లాంజిల పట్టిక చూసి 100 కిలోలని ధర కడితే, తయారయ్యేది 113 కిలోలు. ఆ 13 కిలోలు వర్తకుని చేతి నుంచే పోతాయి.

ఖర్చు తగ్గే దారి

కొనేవారికి ఖర్చు తగ్గించే పద్ధతి ఒకటుంది. నీరు తగిలే లోపలి స్టబ్ ఎండ్ మాత్రం కుప్రోనికెల్‌తో, బోల్టులు పట్టే వెలుపలి రింగు ఉక్కుతో చేస్తారు. ఖరీదైన లోహం గణనీయంగా ఆదా అవుతుంది. అయితే నీటిలో ఉక్కు ఫ్లాంజి, కుప్రోనికెల్ ఫ్లాంజి నేరుగా ముఖాముఖి కలిస్తే ఉక్కే ముందు తుప్పు పడుతుంది. అక్కడ ఇన్సులేషన్ గాస్కెట్, బోల్టులకు స్లీవులు, వాషర్లు కూడా కలిపి కొటేషన్ ఇవ్వాలి.

కొలతలు సరిచూడడం మరువరాదు. మూడంగుళాల 150 క్లాసు ఫ్లాంజికి బోల్టు రంధ్రాలు నాలుగు. అదే పైపుకు పి.ఎన్. 16 ఫ్లాంజికి ఎనిమిది. రెండూ జత కలవవు. ఎంక్వైరీలో "మూడంగుళాలు" అని మాత్రమే ఉంటే అది సగం ఎంక్వైరీ.

పాత సరుకు కొనేవారికి

రామగుండంలో 1971లో ప్రారంభమైన 62.5 మెగావాట్ల బి-థర్మల్ కేంద్రం 2024లో మూతపడింది. ఇటువంటి పాత కేంద్రాల తుక్కులో కుప్రోనికెల్ దొరకడం అసాధారణం కాదు. 90/10ని గీరితే గులాబీ ఛాయ కనబడుతుంది. 70/30 పాత రెండు రూపాయల కుప్రోనికెల్ నాణెంలా తెల్లగా ఉంటుంది. మోనెల్ కూడా తెల్లనిదే గాని, చల్లటి వేళ అయస్కాంతానికి కొద్దిగా అంటుకోవచ్చు. ఎండకు వేడెక్కితే వదిలేయవచ్చు. ఇవి కంటి గుర్తులే. వాటిని నమ్మి 90/10 ధరకు మోనెల్ అమ్ముకున్నా, మోనెల్ ధరకు 70/30 కొన్నా నష్టం కిలోకు వందల్లో ఉంటుంది. ఎక్స్‌రే యంత్రంతో పరీక్ష చేయించనిదే పెద్ద లాటుకు బేరం కుదుర్చుకోరాదు.

కొత్త సరుకుకైతే మిల్లు టెస్టు సర్టిఫికెట్‌లోని హీట్ నంబరు ఫ్లాంజిపై చెక్కిన నంబరుతో కలవాలి. కలవకపోతే కాగితం కాగితమే, సరుకు సరుకే.